ముందు గేటు దాకా నడువు

పాపా,

మీ అమ్మ నిన్న ఫోన్ చేసింది. రెండో మిడ్ అయినప్పటి నుంచి నువ్వు రాత్రి మూడింటి దాకా మేలుకుంటున్నావనీ, మెస్‌కు కూడా సరిగా పోవడం లేదనీ చెప్పి ఏడ్చింది. నేను ఫోన్ చేస్తే "బాగానే ఉన్నా పెద్దమ్మా" అని పెట్టేస్తావు. అందుకే రాస్తున్నా.

ఇరవై ఎనిమిదేళ్లు ఆడపిల్లల కాలేజీలో పీడీగా, అంటే ఆటలు నేర్పే మేడంగా పనిచేశాను. "మనసు కాస్త బాగయ్యాక గ్రౌండ్‌కు వస్తా మేడం" అన్న పిల్లలు దాదాపు ఎవరూ మళ్లీ రాలేదు. బాగాలేని రోజునే వచ్చి ఊరికే నా పక్కన నిలబడ్డ పిల్లలు మాత్రం నాలుగు రోజులకు కాలు కదిపారు. ఒక పిల్ల ఎవరితోనూ మాట్లాడేది కాదు. ఆ పిల్లను ఆడమని అడగలేదు, ఖోఖో కోర్టుకు సున్నం గీతలు గీసే పని ఇచ్చాను. వారమంతా గీతలే గీసింది. ఆ తర్వాత ఒక రోజు జట్టులో ఒకరు తక్కువైతే తానే వచ్చి వరసలో కూర్చుంది.

నువ్వూ అంతే చెయ్. పొద్దున లేవగానే కాళ్లకు ఏవుంటే అవి వేసుకుని హాస్టల్ గేటు దాకా పో. అక్కడికి పోయాక వెనక్కి రావాలనిపిస్తే వచ్చెయ్, తప్పులేదు. చాలా రోజులు వెనక్కి రాబుద్ధి కాదు, చూడు. తోడుకు నీ రూమ్మేటుకు రాత్రే చెప్పి పెట్టు. ఒకరు మన కోసం కాచుకొని ఉంటే దుప్పటి ముసుగు తన్ని పడుకోలేం. అనంతపురం ఎండ సంగతి తెలిసిందే, మార్చి దాటితే ఎనిమిదింటికే నెత్తి మాడుతుంది. ఆరింటికే బయటపడాల. పొద్దుటి వెలుగు కళ్లకు తగిలితే ఒంట్లో గడియారం సర్దుకుని రాత్రి నిద్ర తొందరగా వస్తుంది.

ప్రపంచ ఆరోగ్య సంస్థ పద్దెనిమిది నిండినవాళ్లకు వారానికి కనీసం 150 నిమిషాలు నడకలాంటి వ్యాయామం చెప్పింది. నడుస్తూ మాట్లాడగలగాలి, పాట మాత్రం పాడలేకపోవాలి. ఆ వేగం చాలు. పదేసి నిమిషాలు మూడుసార్లైనా లెక్కే. మొదటి వారం ఆ లెక్క కూడా వద్దు.

పరీక్ష హాల్లో గుండె దడదడలాడి, చేతులకు చెమట పట్టి, చదివిందంతా మర్చిపోయానని సంక్రాంతికి చెప్పావు కదా. దానికి స్కిప్పింగ్ తాడు పట్టుకో. నూరుసార్లు ఎగిరి ఆగు. గుండె అట్లాగే కొట్టుకుంటుంది, ఊపిరి అట్లాగే ఎగదన్నుతుంది, చెమటా అదే. మణికట్టు మీద వేళ్లు పెట్టి నాడి లెక్కపెట్టు. ఒక నిమిషం ఆగి మళ్లీ లెక్కపెట్టు. నువ్వేమీ చేయకుండానే అది తగ్గడం నీ వేళ్లకే తెలుస్తుంది. దడ వస్తుంది, దానంతట అదే పోతుంది అని ఒంటికి రోజూ ఇట్లా అలవాటైతే, హాల్లో అదే దడ వచ్చినప్పుడు ఏదో ముంచుకొచ్చిందని బెదిరిపోవు. ఈ పద్ధతి నా పిల్లలు ఎంతోమందికి పనికొచ్చింది, నమ్ము.

మెట్లెక్కితేనే ఆయాసం వస్తుంటే ముందు రక్తపరీక్ష చేయించుకో. హిమోగ్లోబిన్ 12 కన్నా తక్కువుంటే రక్తహీనతే. అప్పుడు తాడు పక్కనబెట్టి డాక్టరుకు చూపించుకో. ఖాళీ కడుపుతో ఎగరొద్దు, గుప్పెడు చెనక్కాయలు, చిన్న బెల్లంముక్క తిని పో.

గ్రౌండ్ నిండా మగపిల్లలే, సిగ్గు అన్నావంట. 2010లో టెన్నిస్ ఆటగాడు నాదల్ ఫౌండేషన్, ఆర్డీటీ అనే స్వచ్ఛంద సంస్థతో కలిసి టెన్నిస్ బడి పెట్టింది మీ అనంతపురంలోనే. చుట్టుపక్కల పల్లెల ఆడపిల్లలు అక్కడ రాకెట్ పట్టారు. ఆ గ్రౌండ్‌లో నీకూ వాటా ఉంది.

ఇంకొకటి చెప్పాల, ఇది నా తప్పు. దిగులుగా ఉన్న ఒక పిల్లను "రోజూ నాలుగు రౌండ్లు పరిగెత్తు, అదే పోతుంది" అని పంపేశాను. పాపం, పరిగెత్తింది. తిండి మానేసిందనీ, రాత్రిళ్లు నిద్ర లేదనీ నేను అడిగి తెలుసుకోలేదు. నెల తర్వాత వాళ్ల నాయన వచ్చి ఇంటికి పిలుచుకుపోయేదాకా నాకు తెలియలేదు. డాక్టరు దగ్గర వైద్యం చేయిస్తే కోలుకుంది. డాక్టరు చేయాల్సిన పని గ్రౌండ్ చేయలేదు. అది నాకు ఆ పిల్ల వల్ల తెలిసింది.

అందుకే నిన్ను అడుగుతున్నా. ఈ దిగులు, నిద్రలేమి మొదలై రెండు వారాలు దాటిందా? దాటితే సర్వజనాసుపత్రిలో మానసిక వైద్యుల దగ్గరికి పోదాం, నేను తోడొస్తా, మీ అమ్మకు నేనే చెప్తా. బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా ఆ వారాలేవీ లెక్కపెట్టొద్దు, ఆ క్షణమే నాకు ఫోన్ చెయ్, లేదా 14416కు చెయ్. అది మనసు బాగాలేనివాళ్ల కోసం ప్రభుత్వం 2022లో మొదలుపెట్టిన ఫోన్ సాయం, టెలి మానస్. పైసా ఖర్చు లేదు, రాత్రి పగలు ఎత్తుతారు, తెలుగులోనే మాట్లాడతారు. నన్ను నిద్రలేపుతున్నానే అనుకోవద్దు.

ఆదివారం ధర్మవరం నుంచి మొదటి బస్సుకు వస్తా. ఏడింటికి ఆర్ట్స్ కాలేజీ గ్రౌండ్ గేటు దగ్గర ఉండు, ఇద్దరం నడుద్దాం. మాట్లాడాలని లేకపోతే మాట్లాడొద్దు. నీ బూట్ల సైజు ఈలోపు మెసేజ్ పెట్టు. పోయినసారి చూశాను, నీ చెప్పులు మడమ దగ్గర పూర్తిగా అరిగిపోయాయి.

నీ పెద్దమ్మ