డేటా సెంటరు వద్దంటే అభివృద్ధికి అడ్డుపడినట్టేనా?

ప్రశ్న: మాది చిత్తూరు జిల్లాలో ఒక చిన్న పట్టణం. ఊరి చెరువుకు ఎగువనున్న మేత పోరంబోకులోనూ, దాన్ని ఆనుకుని ఉన్న డీకేటీ భూముల్లోనూ (ప్రభుత్వం పేదలకు పట్టా ఇచ్చిన భూములు) 20 మెగావాట్ల డేటా సెంటరు, అంటే ఇంటర్నెట్ సమాచారాన్ని దాచి నడిపే కంప్యూటర్ల కేంద్రం, వస్తుందని చెబుతున్నారు. వేసవిలో మూడు రోజులకొకసారి కుళాయి నీళ్లు వదిలే ఊరికి ఇదెందుకని అడిగినవాళ్లను అభివృద్ధి నిరోధకులంటున్నారు. ప్రజాభిప్రాయ సేకరణ పెడతారు కదా, అప్పుడు మాట్లాడవచ్చులెమ్మని పెద్దలు సర్దిచెబుతున్నారు. అంతవరకు ఆగమంటారా?
– విశ్రాంత ఉపాధ్యాయుడు (ఊరి పేరు వేయవద్దని కోరారు)

జవాబు: ఆగవద్దు మాస్టారూ. మీ పెద్దలు చెబుతున్న ప్రజాభిప్రాయ సేకరణ జరగకుండానే పని పూర్తయ్యే అవకాశం ఎక్కువ. 2006 నాటి పర్యావరణ ప్రభావ అంచనా నోటిఫికేషన్‌లోని జాబితాలో డేటా సెంటరుకు ప్రత్యేకమైన పద్దు లేదు. నిర్మాణ విస్తీర్ణం 20,000 చదరపు మీటర్లు దాటితే దాన్ని భవన నిర్మాణం కింద పరిశీలిస్తారు. ఆ నోటిఫికేషనే భవన నిర్మాణాలను ప్రజా విచారణ నుంచి మినహాయించింది. సిమెంటు ఫ్యాక్టరీ అయితే ఊరి మధ్య షామియానా వేసి, కలెక్టరు లేదా ఆయన ప్రతినిధి సమక్షంలో మీ అభ్యంతరాలు నమోదు చేసుకోవలసి ఉంటుంది కానీ, డేటా సెంటరుకు ఆ నిర్బంధం లేదు. కాబట్టి మీరు అడగవలసినవన్నీ అనుమతులు రాకముందే, రాతపూర్వకంగా అడగాలి.

మొదట నీటి సంగతి చూద్దాం. కంప్యూటర్లలోకి వెళ్లిన కరెంటంతా చివరికి వేడిగా మారుతుంది. ఆ వేడిని నీటిని ఆవిరి చేసి బయటికి పంపే పద్ధతిలో, ఒక మెగావాటు వేడికి రోజుకు సుమారు 36,000 లీటర్లు ఆవిరవుతాయి. ఇది ఏ సంస్థ ప్రకటనా కాదు, నీరు ఆవిరి కావడానికి పట్టే వేడిని బట్టి హైస్కూలు భౌతికశాస్త్రంతో మీరే కట్టుకోగల లెక్క. ఈ ప్రకారం 20 మెగావాట్లు పూర్తిగా నడిస్తే రోజుకు ఏడు లక్షల లీటర్లు దాటుతుంది. అయిదు వేల లీటర్ల ట్యాంకర్లతో తోలితే రోజుకు 140 పైచిలుకు ట్యాంకర్లన్నమాట. జల్ జీవన్ మిషన్ గ్రామాల్లో మనిషికి రోజుకు 55 లీటర్లని ప్రమాణం పెట్టింది. ఆ లెక్కన అవి 13,000 మందికి సరిపోయే నీళ్లు.

ఇది గరిష్ఠ లెక్కేనని కూడా చెప్పాలి. గాలితో చల్లబరిచే యంత్రాలు పెడితే నీటి వాడకం బాగా తగ్గిపోతుంది, కాకపోతే వాటిని నడపడానికి కరెంటు ఎక్కువ ఖర్చవుతుంది. నీళ్లు మిగిల్చితే కరెంటు పెరుగుతుంది, కరెంటు మిగిల్చితే నీళ్లు పోతాయి. అందువల్ల “మా సాంకేతికత అత్యాధునికం, నీటి సమస్యే రాదు” అన్న మాట విన్నప్పుడు, అయితే కరెంటు ఎంత అని వెంటనే అడగండి. ఒక మెగావాటు 24 గంటలు నడిస్తే 24,000 యూనిట్లు, 20 మెగావాట్లకు రోజుకు 4,80,000 యూనిట్లు. నెలకు 200 యూనిట్లు కాల్చే ఇళ్లు 72,000 ఉంటే వాటికి ఆ కరెంటు చాలుతుంది. పైగా ఆ 20 మెగావాట్లు కేవలం కంప్యూటర్లకేనా, చల్లబరిచే యంత్రాలతో కలిపా అన్నది కూడా తేలాలి. కొత్త సబ్‌స్టేషను, ప్రత్యేక లైను ఖర్చు ఎవరు పెట్టుకుంటారో తిరుపతిలోని విద్యుత్ పంపిణీ సంస్థ ప్రధాన కార్యాలయానికి రాసి అడగవచ్చు.

అసలు వ్యతిరేకించవలసినది, నా దృష్టిలో, గోప్యతను. అమెరికాలోని ఒరెగాన్ రాష్ట్రంలో ద డాలస్ అనే చిన్న పట్టణం ఉంది. అక్కడి గూగుల్ డేటా సెంటర్లు ఎంత నీరు వాడుతున్నాయని ఒక పత్రిక అడిగితే, అది వ్యాపార రహస్యమంటూ పట్టణ పాలకసంస్థే 2021లో కోర్టుకెక్కింది. చివరికి 2022లో లెక్క బయటపెట్టక తప్పలేదు. పట్టణం మొత్తం వాడే నీటిలో నాలుగో వంతుకు పైగా అక్కడికే పోతోందని అప్పుడు తేలింది. చిలీ రాజధాని శాంటియాగో శివారులోని సెరిల్లోస్‌లో మాత్రం జనం ముందే మేల్కొన్నారు. వాళ్ల ఆందోళన, ఆపైన పర్యావరణ కోర్టు తీర్పు కలిసి, 2024 నాటికి గూగుల్ అక్కడి తన పాత డేటా సెంటరు ప్రతిపాదనను పక్కనపెట్టి గాలితో చల్లబరిచే పద్ధతిలో మళ్లీ మొదటి నుంచి మొదలుపెడతామని చెప్పేదాకా తెచ్చాయి.

ఇక మీరు చేయవలసింది. కాలుష్య నియంత్రణ మండలి ఇచ్చే స్థాపన అనుమతి ఉత్తర్వులో నీరు రోజుకు ఎన్ని కిలోలీటర్లు, ఎక్కడి నుంచి తెస్తారు, డీజిల్ జనరేటర్లు ఎన్ని, వాటి సామర్థ్యం ఎంత అన్న వివరాలు ఉంటాయి. దరఖాస్తు ప్రతిని, ఉత్తర్వు వస్తే దాని ప్రతిని సమాచార హక్కు చట్టం కింద అడగండి. 30 రోజుల్లో జవాబివ్వాలి. వాణిజ్య రహస్యమని తిప్పికొడితే, విస్తృత ప్రజాప్రయోజనం ఉన్నచోట ఆ మినహాయింపు చెల్లదని అదే చట్టంలోని సెక్షన్ 8(1)(డి) చెబుతోంది, అప్పీలులో దాన్నే ఎత్తిచూపండి. సోమవారం కలెక్టరేటు గ్రీవెన్స్‌లో అర్జీ ఇచ్చి రసీదు తీసుకోండి. పట్టణ కౌన్సిల్ తీర్మానం ఒక్కటే ప్రాజెక్టును ఆపలేకపోవచ్చు, అయినా చెరువు నీటిని, తాగునీటి పథకాన్ని ముట్టుకోకూడదన్న షరతు అనుమతిలోకి ఎక్కాలంటే ఆ తీర్మానం మీ చేతిలో ఉండాలి. చప్పుడు మాట కూడా మరవకండి. నివాస ప్రాంతంలో రాత్రి పది నుంచి ఉదయం ఆరు దాకా 45 డెసిబెల్స్ దాటకూడదన్న నియమం 2000 సంవత్సరం నుంచీ ఉంది, డేటా సెంటరు ఫ్యాన్లకేమో రాత్రీ పగలూ ఒకటే.

ప్రశ్న: శ్రీవారి దర్శనం టికెట్ నుంచి కూరగాయల బండి దగ్గర చెల్లింపు దాకా అన్నీ ఫోనులోనే చేస్తూ, డేటా సెంటరు మా ఊళ్లో వద్దనడం న్యాయమా? మా మనవడి లాంటి పిల్లలకు నాలుగు ఉద్యోగాలు రావా?
– ఒక పాఠకురాలు, తిరుపతి

జవాబు: ఫోను వాడినంత మాత్రాన ప్రశ్నించే హక్కు పోదమ్మా. బియ్యం తినేవాళ్లు రైసుమిల్లు పొగ గురించి అడగడం లేదా? మీరు తిరుపతిలో కొనే టికెట్ లెక్క ఎన్నో వందల మైళ్ల దూరంలోని కంప్యూటర్లో నమోదు కావచ్చు. ఎక్కడో ఒకచోట అవి ఉండాలన్నది నిజమే కనుక, ఎక్కడ పెట్టాలన్నదే అసలు ప్రశ్న. చెన్నైలో కోయంబేడు, కొడుంగైయూరులలో మురుగునీటిని శుద్ధిచేసి పరిశ్రమలకు అమ్ముతున్నారు. అలాంటి నీరు దొరికే నగరం పక్కన పెడితే చాలా గొడవ తగ్గుతుంది, చెరువు మీద ఆధారపడ్డ చిన్న ఊరికి ఆ వెసులుబాటు ఎక్కడిది?

ఉద్యోగాల మాటకొస్తే, కట్టేటప్పుడు వందలమందికి పని దొరుకుతుంది. నడిచేటప్పుడు ఎలక్ట్రీషియన్లు, కూలింగ్ సాంకేతిక నిపుణులు, కాపలాదారులు ఇలా కొద్దిమందే అవసరం. శ్రీసిటీ కర్మాగారాలకు పల్లెల నుంచి బస్సుల్లో వెళ్లే అమ్మాయిల సంఖ్యను మనసులో పెట్టుకుని దీన్ని ఊహించుకుంటే నిరాశే మిగులుతుంది. మీ మనవడి ఊరివాళ్లకు ఎన్ని కొలువులు, ఏ అర్హతతో అన్నది ఒప్పందంలో రాయించుకోవాలి. వేదిక మీద చెప్పే అంకెలకు విలువ లేదు.

ప్రశ్న: మాది టమాటా సేద్యం. వెయ్యి అడుగుల బోరు. వాళ్లు పక్కన పెద్ద బోర్లు వేస్తే నా గతేమిటి?
– ఒక రైతు, పలమనేరు ప్రాంతం

జవాబు: నీటిని అతిగా తోడేసిన ప్రాంతంగా ప్రకటించిన గ్రామంలో, తాగునీటి కోసం తప్ప కొత్త బోర్లు వేయకూడదని 2002 నాటి వాల్టా (నీరు, భూమి, చెట్ల పరిరక్షణ) చట్టం చెబుతోంది. మీ గ్రామం ఆ జాబితాలో ఉందో లేదో తహసీల్దారు కార్యాలయంలో అడిగి, జవాబును కాగితం మీద తీసుకోండి. జాబితాలో లేకపోయినా, ప్రజల తాగునీటి బోరుకు 250 మీటర్ల లోపు కొత్త బోరు వేయాలంటే అనుమతి తప్పనిసరి. మీ బోరు అనుమతి పత్రాన్ని భద్రపరచుకుని, ఇప్పటి నీటిమట్టాన్ని తేదీతో సహా రాసిపెట్టుకోండి. మీకు దగ్గరలో భూగర్భ జలశాఖ ఫీజోమీటరు (నీటిమట్టం కొలిచే బోరు) ఉంటే దాని లెక్కలు కూడా తీసిపెట్టుకోండి. నీళ్లు అడుగంటాక చేసే ఫిర్యాదులో, అంతకుముందు ఎంత లోతున ఉండేవో చూపే ఆధారం ఇవే.