ఇంటర్ మార్కులతో ఐఐటీ, ఎన్ఐటీ ర్యాంకు మారుతుందా?

మారదు, కానీ ఇంటర్‌లో 75 శాతం లేకపోతే మంచి ర్యాంకు వచ్చినా సీటు చేజారొచ్చు. ర్యాంకు జేఈఈ మార్కులతోనే వేస్తారు. ఇంటర్ మార్కులు అర్హతకు మాత్రమే చూస్తారు. ఎస్సీ, ఎస్టీ, దివ్యాంగులకు 65 శాతం చాలు. అంత రాకపోయినా మన బోర్డులో టాప్ 20 పర్సంటైల్‌లో, అంటే పాసైనవాళ్లలో మార్కుల ప్రకారం మొదటి 20 శాతంలో ఉంటే అర్హతే.

ఆంధ్రా బోర్డు ఎంపీసీ మొత్తం 1000 మార్కులు, రెండేళ్లవీ కలిపి. అంటే కనీసం 750 రావాలి. కావలిలో చదివే ఓసీ విద్యార్థి ఒకరికి 738 వచ్చాయనుకోండి. అది 73.8 శాతం. తాడేపల్లిగూడెం ఎన్ఐటీకి సరిపడే ర్యాంకున్నా, టాప్ 20 పర్సంటైల్‌లో లేకపోతే సీటు దక్కదు. ఎక్కువగా దెబ్బతీసేది ఫస్టియర్‌లో వదిలేసిన ఇంగ్లీషు, సంస్కృతం పేపర్లే. జేఈఈ కోచింగ్ హడావుడిలో వాటిని దయచేసి పక్కన పెట్టకండి.

నెల్లూరు, ఒంగోలు తల్లిదండ్రుల్లో ఇప్పటికీ ఒక అపోహ ఉంది: జేఈఈ మెయిన్ ర్యాంకులో ఇంటర్‌కు 40 శాతం వెయిటేజీ ఉంటుందని. అది 2016 వరకే. 2017 నుంచి తీసేశారు. లెక్కల్లో, ఫిజిక్స్‌లో, కెమిస్ట్రీలో 75 శాతం ఉంటే చాలన్నదీ పొరపాటే, భాషల మార్కులూ లెక్కకొస్తాయి.