మిలిటరీ డిస్పోజల్ జనరేటర్ రొయ్యల చెరువుకి పనికొస్తుందా?

ఆకివీడు దగ్గర రెండు వనామి రొయ్యల చెరువులు, నీళ్లలో ఆక్సిజన్ కలిపే ఏరియేటర్లు ఒక్కోటి రెండు హెచ్‌పీ చొప్పున మొత్తం ఆరు. మీ బావగారు పాత సామాను వ్యాపారి దగ్గర 15 కేవీఏ మిలిటరీ జనరేటర్ సెట్టు చూశారు, మీటర్లో గంటలు చాలా తక్కువ, కొనొచ్చా అని కదండీ అడిగారు. కొనొచ్చు, కానీ ఆరింటికీ సరిపోదు. మొగల్తూరు వైపు మా గట్టు మీద ఇలాంటి సెట్టే ఏళ్లుగా నడుస్తోంది కాబట్టి నాకు తెలిసింది చెబుతాను.

ముందు సెట్టు మీద వివరాలు రాసి బిగించిన ప్లేటు చదవండి, ఇంజను సంగతి తర్వాత. మిలిటరీలో అన్ని సెట్లూ మన కరెంటు ఇవ్వవు. రాడార్లకీ విమానాలకీ వాడేవి 400 హెర్ట్జ్ ఉంటాయి, కొన్ని 28 వోల్టుల డీసీ మాత్రమే ఇస్తాయి. అవి ఎంత కొత్తగా మెరిసిపోతున్నా మన ఏరియేటర్‌కి దండగ. యూట్యూబ్‌లో అమెరికా వాళ్లు ముచ్చటపడే ఎంఈపీ-803ఏ 10 కిలోవాట్ల సెట్టు 60 హెర్ట్జ్‌ది, నిమిషానికి 1800 చుట్లు తిరుగుతుంది. అచ్చం దానిలాగే కనబడే ఎంఈపీ-813ఏ 400 హెర్ట్జ్. ఆ వీడియోలు చూసి ఇక్కడి సెట్టుని అంచనా వేయకండి. మీకు కావలసింది 50 హెర్ట్జ్, 415 వోల్టులు, త్రీ ఫేజ్, 1500 చుట్లు. ఈ నాలుగూ ప్లేటు మీద లేకపోతే టీ తాగేసి ఇంటికొచ్చేయండి.

ఇక తక్కువ గంటల సంగతి. ఇలాంటి సెట్టు స్టోర్‌లో రిజర్వులో ఉంటుంది, అప్పుడప్పుడు లోడు లేకుండా కాసేపు తిప్పి ఆపేస్తారు. పిస్టను, లైనరు అరగవు గానీ మిగతావన్నీ కూర్చున్నచోటే పాడవుతాయి. మా సెట్టు ట్యాంకు మూత తీస్తే పాత వార్నిష్ వాసన గుప్పున కొట్టింది. అడుగున వేలు పెడితే ముదురు పాకంలా తీగ సాగింది. ఆ డీజిల్‌తో సెల్ఫ్ కొట్టి ఉంటే నాజిళ్లు, పంపు అక్కడికక్కడే పట్టేసేవి. అందుకని వ్యాపారి "ఇప్పుడే స్టార్ట్ చేసి చూపిస్తానండి" అంటే ఆపండి. పాత డీజిల్ దింపించి, విడిగా డబ్బాలో మంచి డీజిల్ పెట్టి, ఫిల్టరు మార్చాకే తిప్పమనండి. కొన్నాక పంపునీ నాజిళ్లనీ భీమవరంలో డీజిల్ పంపు షాపులో ఇచ్చి చూపించండి. గొట్టాలు, బెల్టు, వాటర్ పంపు సీలు పైకి బాగున్నా సరే మార్చేయండి. రబ్బరుకి గంటలు కాదు, వయసు లెక్క. సెల్ఫ్ 24 వోల్టులది ఉంటుంది, 12 వోల్టుల బ్యాటరీలు రెండు సిరీస్‌లో కట్టాలి. చలి ప్రాంతాల కోసం పెట్టిన హీటర్లేమైనా ఉంటే కనెక్షన్ తీసేయండి, మన ఉక్కపోతలో వాటితో పనేముంది.

అసలు చూడాల్సింది ఆల్టర్నేటరు, అంటే ఇంజను తిప్పితే కరెంటు పుట్టించే భాగం. ఉప్పు గాలి, తేమ వైండింగులోకి దిగితే మొదటిరోజే కాలిపోతుంది. రీవైండింగ్ కుర్రాణ్ణి వెంట తీసుకెళ్లి, వోల్టేజీని నిలకడగా ఉంచే ఏవీఆర్ వైర్లు విప్పించి, వైండింగ్ ఇన్సులేషన్ కొలిచే 500 వోల్టుల మెగ్గర్‌తో చూడమనండి. ఒక మెగాఓమ్ లోపు వస్తే అస్సలు తిప్పొద్దు. లోపల వంద వాట్ల బల్బులు పెట్టి, పైన టార్పాలిన్ కప్పి, తడి ఆరేదాకా ఉంచి మళ్లీ చూడాలి. ఇంకో విషయం. ఇంజను చక్కగా తిరుగుతూ మీటర్ మాత్రం నాలుగైదు వోల్టుల దగ్గరే ఆగిపోతే అందరూ వైండింగ్ పోయిందనుకుంటారు. ఏళ్ల తరబడి వాడకపోతే అందులో మిగిలి ఉండాల్సిన అయస్కాంతత్వం పోతుంది, అంతే. ఏవీఆర్ విప్పి, ప్లస్ మైనస్ చూసుకుని, ఆల్టర్నేటరుకి అయస్కాంతత్వం అందించే ఎక్సైటర్ ఫీల్డుకి 12 వోల్టుల బ్యాటరీ ఒక్క క్షణం తగిలిస్తే తిరిగొస్తుంది. పని తెలిసినవాడే చేయాలి సుమా. ఈ కిటుకు వ్యాపారికి తెలియకపోతే బేరంలో మీకే లాభం.

ఇప్పుడు లోడు. రెండు హెచ్‌పీ మోటారు సుమారు మూడున్నర ఆంపియర్లు లాగుతుంది, ఆరింటికి 21. 15 కేవీఏ సెట్టు ఇవ్వగలిగింది కూడా 21 దగ్గరే. మోటారు స్టార్ట్ అయ్యేటప్పుడు ఐదారు రెట్లు లాగుతుంది, మరి అది ఎక్కణ్ణించి వస్తుంది? నాలుగు ఏరియేటర్లు, అదీ ఒకటి పూర్తి స్పీడు అందుకున్నాక ఇంకొకటి వేస్తూ పోతే హాయిగా నడుస్తుంది. ఆరూ కావాలంటే 25 కేవీఏ చూసుకోండి. అలాగని మకాంలో రెండు బల్బుల కోసం రాత్రంతా నడపకండి. లోడు మూడోవంతు కూడా లేకపోతే డీజిల్ సరిగా కాలదు, పొగగొట్టం అతుకుల దగ్గర నల్లటి జిడ్డు కారుతుంది. మిలిటరీ సెట్లకి ఇది మామూలు జబ్బే. కొత్తలో బాగా లోడు పెట్టి కొన్ని గంటలు నడిపితే చాలావరకు కాలిపోయి శుభ్రపడుతుంది.

లైను కరెంటుకీ జనరేటరుకీ మధ్య, ఒకసారికి ఒక్కదాన్నే కలిపే ఛేంజోవర్ స్విచ్ లేకుండా ఒక్కరోజు కూడా నడపొద్దు. మీ కరెంటు వెనక్కి లైన్లోకి వెళ్తే స్తంభం మీదున్న లైన్‌మన్ ప్రాణం పోతుంది. ఫేజుల వరస కూడా సరిచూసుకోవాలి. అది మారితే జనరేటర్ మీద ఏరియేటర్ రెక్కలు వెనక్కి తిరుగుతాయి, చీకట్లో ఎవరికీ కనబడదు. తెల్లవారుజామునే కదా నీళ్లలో ఆక్సిజన్ బాగా తగ్గేది. మూడు పీపీఎం లోపు పడిందంటే రొయ్యలకి ఇబ్బంది మొదలవుతుంది, ఇంకా తగ్గితే పైకి తేలతాయి.

పాక తాటాకుదైతే పొగగొట్టం కప్పులోంచి పంపకండి, పక్కకి తీసి దూరంగా వదలండి. కాపలా కుర్రాడు జనరేటర్ పక్కనే మంచం వేసుకోకుండా చూడండి. చలికాలం వెచ్చగా ఉంటుందని పడుకుంటారు, ఆ పొగ నిద్రలోనే చంపేస్తుంది.

ఆయిల్ 250 గంటలకోసారి మార్చాలి. ఏడాదికోసారి వచ్చే పనే కదా అని మామూలు రోజుల్లో తేలిగ్గా తీసుకుంటాం. 1996 నవంబరు తుపాను చూసిన కోనసీమవాళ్లని అడగండి, స్తంభాలు పడిపోతే కరెంటు ఎప్పటికొస్తుందో. ఆపకుండా నడిస్తే 250 గంటలు పది రోజుల్లో అయిపోతాయి. ఆయిలు, ఫిల్టర్లు మకాంలో రెండు సెట్లు ఉండాలి. డీజిల్ లైన్లో నీళ్లు పట్టే గిన్నె ఒకటి బిగించి, రోజూ పొద్దున్నే దాని అడుగు మర వదిలి నీళ్లు తీసేయండి.

ఇక కాగితాలు. మిలిటరీ సామాను ఎక్కువగా ప్రభుత్వ రంగ సంస్థ ఎంఎస్‌టీసీ వాళ్ల ఆన్‌లైన్ వేలంలో, ఉన్నది ఉన్నట్టుగా, లాట్లుగా పోతుంది. పెద్ద వ్యాపారులు పాడుకుని విడివిడిగా అమ్ముతారు. వేలంలో పాడుకున్న సరుకు తీసుకెళ్లడానికి ఇచ్చే డెలివరీ ఆర్డర్ కాపీ, జీఎస్‌టీ బిల్లు ఇవ్వనంటే ఎంత చవగ్గా వచ్చినా ముట్టుకోకండి. ఇస్తానంటే రెండు ఏరియేటర్ మోటార్లు ఆటోలో వేసుకెళ్లి అక్కడే లోడు పెట్టి, గంటసేపు వోల్టేజీ, పొగ చూడండి. లోడు పెట్టనివ్వకపోతే ఇనుము రేటుకి మించి ఒక్క రూపాయి చెప్పకండి.