వాయిదాల మీద ప్రీ యాంప్ వద్దు

ప్రశ్న: ఏడాదిన్నరగా ఇంటి నుంచే ఆడియో పుస్తకాలకు, ప్రకటనలకు గొంతు ఇస్తున్నాను. మైకును కంప్యూటర్‌కు కలిపే రెండు ఇన్‌పుట్‌ల ఆడియో ఇంటర్‌ఫేస్, చుట్టుపక్కల చప్పుళ్లను తక్కువగా పట్టే ఒక డైనమిక్ మైకు ఉన్నాయి. రికార్డింగ్‌లో సన్నటి బుస ఉందని, గది మోగుతోందని ఒక క్లయింటు అన్నారు. విడిగా మంచి ప్రీ యాంప్ (మైకు నుంచి వచ్చే బలహీన సంకేతాన్ని పెంచే పరికరం), పెద్ద డయాఫ్రం (శబ్దానికి కంపించే పొర) ఉండి సన్నటి శబ్దాన్నీ పట్టే కండెన్సర్ మైకు కొనాలని ఉంది. రెండింటి ధర నా మూడున్నర నెలల ఇంటి ఖర్చు పైమాటే. కార్డు మీద 12 నెలల వడ్డీ లేని వాయిదాలు ఇస్తున్నారు. ఆఫర్ ఈ ఆదివారం వరకే. చేతిలో నెలన్నర ఖర్చుకు సరిపడా పొదుపు ఉంది. ముందు ఏది కొనాలి? వ్యక్తిగత రుణం తీసుకుని రెండూ ఒకేసారి కొనడం మేలా?

జవాబు: ఏ పరికరం కొనాలన్న ప్రశ్నలను నేను సాధారణంగా పక్కన పెడతాను. మీది పెట్టలేదు. కుదించక ముందు మీ ఉత్తరంలో ‘పెట్టుబడి’ అన్న మాట నాలుగుసార్లు ఉంది, ‘అప్పు’ అన్నది ఒక్కసారీ లేదు. సొంతంగా పని చేసుకునేవాళ్లలో నేను తరచూ చూసే పొరపాటు ఇదే. ఖర్చుకు పెట్టుబడి అని పేరు పెట్టేసరికి, దాని వెనకాల ఉన్న అప్పు కంటికి ఆనదు.

మీరు పంపిన ఏడాది లెక్క తీశాను. నెల ఇంటి ఖర్చు 100 అనుకోండి. తొమ్మిది నెలలు 140 చొప్పున వచ్చింది, మూడు నెలలు 60 చొప్పునే. మొత్తం రాబడి 1,440, ఖర్చు 1,200, మిగులు 240. మీరు కొనదలచినవి 360. అంటే అంతా సవ్యంగా జరిగినా, ఏడాది చివర మీ 150 పొదుపులో మిగిలేది 30. తొమ్మిది రోజుల ఇంటి ఖర్చు! అదీ మీ గొంతుకు జలుబు చేయకుండా ఉంటే.

ఆ మూడు పలచటి నెలలు మొదటే వచ్చాయనుకుందాం. నెలకు 40 లోటు, పైన 30 వాయిదా. మూడు నెలలకు 210 కావాలి, మీ దగ్గరున్నది 150. మిగతా 60 కార్డు మీద పడుతుంది, ‘వడ్డీ లేని’ అన్న ముచ్చట అక్కడితో సరి. మీ కార్డు ఒప్పందంలో నెలకు 3 శాతం అని ఉంది. చక్రవడ్డీ లెక్కన ఏడాదికి అది 42 శాతం దాటుతుంది. వాయిదా తలకెత్తుకోకపోతే అవే మూడు నెలలకు 120 పోయి, 30 చేతిలో ఉంటుంది. ఇరుకే గానీ ఎవరి దగ్గరా చేయి చాచక్కర్లేదు.

వ్యక్తిగత రుణం గురించి అడిగారు. వద్దు. సన్నటి బుసకు రుణమేమిటండీ!

ఇంతా చేసి, ఆ ప్రీ యాంప్ మీ బుసను తగ్గిస్తుందా? చాలా ఇంటర్‌ఫేస్‌లలోని ప్రీ యాంప్‌ల సొంత రొద ఈ రోజుల్లో మైనస్ 128 డీబీయూ (విద్యుత్ సంకేతం స్థాయికి కొలత; మైనస్ ఎంత పెరిగితే రొద అంత తక్కువ) చుట్టుపక్కల ఉంటోంది. 150 ఓమ్‌ల విద్యుత్ నిరోధం ఉన్న మైకుకు గది ఉష్ణోగ్రతలో ప్రకృతి పెట్టిన హద్దే మైనస్ 131. ఆస్తులు అమ్మి కొన్నా మీకు దక్కేది మూడు డెసిబెల్స్. నోటికి 40 సెంటీమీటర్ల దూరంలో ఉన్న మైకును 10 సెంటీమీటర్లకు తెచ్చుకుంటే గొంతు దాదాపు 12 డెసిబెల్స్ పెరుగుతుంది. ఆ మేరకు గెయిన్ (సంకేతాన్ని పెంచే మోతాదు) తగ్గించుకోవచ్చు, బుసా గది మోతా రెండూ వెనక్కి పోతాయి. ‘ప’, ‘బ’లు పేలకుండా ఒక పాప్ ఫిల్టర్ పెట్టుకుని, మైకును కాస్త పక్కకు వంచితే చాలు.

ఈ రాత్రే ఒక పని చేయండి. ఎప్పుడూ కూర్చునే చోట, ఎప్పుడూ పెట్టే గెయిన్‌లోనే 30 సెకన్లు మాట్లాడకుండా రికార్డు చేయండి. తర్వాత గెయిన్ ముట్టుకోకుండా మైకును అల్మారాలో వేలాడే బట్టల మధ్య పెట్టి, ఇంకో 30 సెకన్లు. రెండోసారి రొద బాగా తగ్గిందంటే రోగం గదిది, మీరు మందు కొంటున్నది ప్రీ యాంప్‌కు. మైకు వెనకా పక్కలా మందపాటి దుప్పట్లు కట్టండి. తగ్గకపోతే ముందు కేబుల్ చూడండి. షూర్ ఎస్ఎం7బీ లాంటి మైకులు 60 డెసిబెల్స్ గెయిన్ అడుగుతాయి. మీదీ ఆ కోవదే అయితే, మైకుకూ ఇంటర్‌ఫేస్‌కూ మధ్యలో తగిలించి సంకేతాన్ని పెంచే చిన్న బూస్టర్‌తో పని జరిగిపోతుంది.

కండెన్సర్ సంగతి నాకూ అనుభవమే. ఆడియో పాఠాలు మొదలుపెట్టిన కొత్తలో సరదాపడి కొన్నాను. నా గొంతుతో పాటు గోడ గడియారం ముల్లు కూడా ఎంతో స్పష్టంగా వినిపించింది. మూడు వారాలు తిరిగేసరికి డైనమిక్ మైకుకే వచ్చేశాను.

నెలకో తీరుగా సంపాదించేవారి అత్యవసర నిధిలో ఆరు నెలల ఖర్చు ఉండాలని నా పట్టు. మీ లెక్కలో అది 600. మీకు కొంత సడలిస్తాను, ముందు 300 చేర్చండి. సగటున నెలకు 20 మిగులుతోంది కాబట్టి ఏడున్నర నెలల పని. ఆ డబ్బు రికార్డింగ్ ఖర్చులు పోయే ఖాతాలో ఉండకూడదు, దాన్ని కార్డుకు ముడిపెట్టనూ కూడదు. 300 దాటాక మిగులులో సగం మైకుకు తీసుకోండి, నాకు అభ్యంతరం లేదు. ప్రీ యాంప్ మాట అప్పుడూ ఎత్తను. ఈలోగా పెద్ద పని వస్తే ఒకరోజు స్టూడియో అద్దెకు తీసుకుని, ఆ ఖర్చు బిల్లులో కలపండి. వాడిన మైకు కొనడం కూడా మంచి దారే. ఆరోగ్య బీమా ఉందో లేదో మీరు రాయలేదు. లేకపోతే మైకు కన్నా అది ముందు.

ఆఫర్ ఆదివారంతో ముగుస్తుందంటున్నారు, ముగియనివ్వండి. షూర్ ఎస్ఎం58 మైకు వచ్చింది 1966లో, ఇప్పటికీ అమ్ముతూనే ఉన్నారు. మైకులు ఎక్కడికీ పారిపోవు. అల్మారాలో చేసిన ఆ 30 సెకన్ల ఫలితం, నెలాఖరున మీ ఖాతా నిల్వ, ఈ రెండూ నాకు రాయండి. క్లయింటు మళ్లీ ఏమన్నారో కూడా.