ఇంజిన్ ఆయిల్ తగ్గుతోందా? బోర్ కంటే ముందు వాల్వ్ సీళ్లు చూపించండి

పాత పెట్రోల్ కారు ఆయిల్ తాగుతోంది, చిక్కటి ఆయిల్ పోస్తే సరిపోతుందా, ఇంజిన్ బోర్ (అరిగిన సిలిండర్‌ను చెక్కించడం) చేయించాలా అని అడిగారు. ఇప్పుడే రెండూ వద్దు. ముందు హెడ్డులో (ఇంజిన్ పైభాగంలో) వాల్వ్ సీళ్లు చూపించండి.

మాది కల్వకుర్తి. మా పాత కారులో శ్రీశైలం పోతుంటే ఈ జబ్బు కళ్లారా చూశాను. దోమలపెంట దాటాక ఘాట్‌లో డ్యామ్ వైపు సెకండ్ గేర్‌లో, యాక్సిలరేటర్ వదిలేసి దిగాం. వంతెన దాటి సున్నిపెంట ఎక్కుడు మొదలవగానే తొక్కానో లేదో, వెనక గుప్పున నీలం పొగ. బైక్ మీద వెనకే వస్తున్న మా బావమరిది కనబడకుండా పోయాడు. కాస్త దూరం పోగానే పొగ ఆగింది.

యాక్సిలరేటర్ వదిలితే థ్రాటిల్ (ఇంజిన్‌కు గాలి పోయే తలుపు) మూసుకుని ఇన్‌టేక్‌లో (గాలి గొట్టంలో) వాక్యూమ్ పెరుగుతుంది. అది హెడ్డు మీది ఆయిల్‌ను వాల్వ్ స్టెమ్ (కాడ) పక్కనుంచి లోపలికి లాగుతుంది. దాన్ని ఆపేది స్టెమ్ చుట్టూ ఉండే చిన్న రబ్బరు సీల్. పిస్టన్ రింగులు పోతే బండి లాగుతున్నంతసేపూ పొగ వస్తుంది. సీళ్లు పోతే పొద్దున స్టార్ట్ చేసినప్పుడో, ఇలా దిగి ఎక్కినప్పుడో వచ్చి ఆగుతుంది.

మా ఊరి షెడ్డులో బానెట్ ఎత్తకుండానే "బోర్ పోయింది, ఇంజిన్ దించాలి" అన్నారు. కంప్రెషన్ (సిలిండర్‌లో ఒత్తిడి, రింగులో బోరో అరిగితే తగ్గుతుంది) కొలవమంటే గేజ్ లేదన్నారు! కంప్రెషన్ చూడకుండా ఇంజిన్ విప్పుతామనే చోట బండి ఇవ్వకండి, వేలకు వేలు పోతాయి.

జడ్చర్లలో ఒక పెద్దాయన హెడ్డు దించకుండానే పని చేశారు. స్పార్క్ ప్లగ్ రంధ్రంలోంచి గాలి పట్టి వాల్వ్ కిందికి జారకుండా నిలబెట్టి, స్ప్రింగ్ నొక్కి తీసి, పాత సీల్ పీకి నా చేతిలో పెట్టారు. గోటితో నొక్కితే అప్పడంలా విరిగింది. 16 వాల్వులకు 16 సీళ్లు మార్చారు. ఇప్పుడు సర్వీసుల మధ్య ఆయిల్ పోసే పని లేదు.

స్టెమ్‌కు కొంచెం తడి కావాలి, లేకపోతే గైడ్ (స్టెమ్ జారే గొట్టం) అరుగుతుంది. అందుకే సీల్ ఆయిల్‌ను పూర్తిగా ఆపదు, సన్నటి పొరను వదులుతుంది. గైడే అరిగితే స్టెమ్ ఊగి కొత్త సీల్ కూడా నిలవదు, గైడ్ కూడా చూపించండి. ఎగ్జాస్ట్ గైడ్ అరిగితే కాలిన గ్యాస్ పైకొచ్చి ఆయిల్‌ను తొందరగా నల్లబరుస్తుంది.

చిక్కటి ఆయిల్ మాట అసలే వద్దు. క్యామ్ (వాల్వులను తెరిచే కడ్డీ) హెడ్డు మీదుంటే ఆయిల్ సంప్ (ఇంజిన్ అడుగు తొట్టి) నుంచి అంత పైకి ఎక్కాలి. పల్చటి 5డబ్ల్యూ30 రకం ఆయిల్ పోయాల్సిన ఇంజిన్‌లో చిక్కటి 20డబ్ల్యూ50 పోస్తే చలి పొద్దుల్లో క్యామ్‌కు ఆలస్యంగా అందుతుంది. ఆ కాసేపే అరుగుదల ఎక్కువ.

రేపు పొద్దున స్టార్ట్ చేసేటప్పుడు సైలెన్సర్ వెనక ఒకర్ని నిలబెట్టండి. పొగ ఎప్పుడు వచ్చి ఎప్పుడు ఆగిందో ఇక్కడ రాయండి, చెబుతాను.