మాట తగిలాక మనసును ఎటు పంపాలి?

ఖమ్మం నుంచి ఒక లెక్చరర్ రాశారు. ముప్పై రెండేళ్లు, ప్రైవేటు జూనియర్ కాలేజీలో ఫిజిక్స్ చెబుతారు, పెళ్లయి నాలుగేళ్లు. ఆయన ఉత్తరం సారాంశం ఇది: "చిన్నప్పటి నుంచీ నేను బాగా సెన్సిటివ్. పిల్లల్లో ఎవరికి కష్టమొచ్చినా స్టాఫ్‌రూమ్‌లో అందరికంటే ముందు నాకే తెలుస్తుంది. కానీ నన్ను ఎవరేమన్నా తట్టుకోలేను. మొన్న అక్కావాళ్ల గృహప్రవేశంలో బావ అందరి ముందూ 'ఏరా, ఇంకా ఆ కాలేజీలోనేనా?' అన్నాడు. నవ్వి ఊరుకున్నాను. మూడు వారాలైంది, రాత్రి పడుకుంటే అదే తిరుగుతోంది. నేను చేతకానివాడినని బావ అనుకుంటున్నాడు, అక్క కూడా అదే అనుకుంటోంది, నా భార్య నన్ను చేసుకున్నందుకు బాధపడుతోంది అనిపిస్తుంది. క్లాసులో వెనక బెంచీలో ఎవరైనా నవ్వితే నన్ను చూసే అనిపిస్తుంది. నా భార్యతో చెబితే 'ఇంత చిన్నదానికా?' అంటుంది. పాజిటివ్‌గా ఆలోచించమంటారు అందరూ, నా వల్ల కాలేదు. మనసును మొద్దుబార్చుకునే దారేదైనా ఉందా?"

ఉన్నా నేను చెప్పను. పిల్లల కష్టం ముందుగా మీకు తెలుస్తోందే, బావ మాట లోపలికి దిగుతోందే, ఆ రెండూ ఒకే గుణం వల్ల. ఒకటి ఉంచుకుని ఇంకోటి తీసేయడం కుదరదు. 1990ల్లో ఎలెయిన్ ఆరన్ అనే అమెరికన్ సైకాలజిస్టు ఈ స్వభావం మీద చాలా పని చేశారు. నూటికి పదిహేను ఇరవై మంది ఇలా ఉంటారని, ఇది జబ్బు కాదని, ఆడవాళ్లలో ఎంతమందో మగవాళ్లలోనూ అంతమంది ఉంటారని ఆమె చెప్పారు. మన ఇళ్లల్లో మగపిల్లాడు కళ్లనీళ్లు పెట్టుకుంటే "ఆడపిల్లలా ఏడుస్తావేంట్రా" అంటారు కాబట్టి మగవాళ్లు దాన్ని దాచడం నేర్చుకుంటారు, అంతే. మీరు గృహప్రవేశంలో నవ్వి ఊరుకున్నది కూడా ఆ అలవాటుతోనే అయి ఉండొచ్చు.

మీ చేతిలో లేనిది ఏమిటంటే ఆ మొదటి పోటు. మాట పడగానే మొహం వేడెక్కడం, గుండెలో గుచ్చినట్టు ఉండటం మీరు ఆపలేరు, ఆపాలని చూడకండి కూడా. ఆ తర్వాత మూడు వారాల పాటు ధ్యాస ఎక్కడ ఉండాలన్నది మాత్రం చాలావరకు మీ చేతిలోనే ఉంది. నేను మాట్లాడదలచుకున్నది దాని గురించే.

మందు తాగేటప్పుడు కోతి గుర్తుకు రాకూడదని వైద్యుడు చెప్పిన కథ మీకు తెలిసే ఉంటుంది, పాపం ఆ రోగికి ఇక కోతి తప్ప ఏమీ గుర్తుకు రాదు. 1987లో డేనియల్ వెగ్నర్ అనే అమెరికన్ సైకాలజిస్టు బృందం దీన్ని ప్రయోగం చేసే చూసింది. ఐదు నిమిషాల పాటు తెల్ల ఎలుగుబంటి గురించి ఆలోచించకండి, గుర్తొస్తే గంట కొట్టండి అన్నారు. వద్దనుకుంటూనే జనం నిమిషానికి ఒకసారికి మించి గంట కొట్టారు. "బావ మాట గురించి ఆలోచించను" అని మీరు పడుకున్న ప్రతి రాత్రీ జరుగుతున్నది ఇదే. పాజిటివ్‌గా ఆలోచించడం మీ వల్ల కాకపోవడానికి కూడా కారణం ఇదేనని నా అభిప్రాయం. మనసుకు "అటు పోకు" అంటే వినదు, చేయడానికి ఒక పని ఇవ్వాలి.

మొదట, ఆ తలపు రాగానే లోపల ఉన్నదానికి సరైన పేరు పెట్టండి. "మూడ్ బాగాలేదు" అంటే సరిపోదు. అవమానమా, కోపమా, అక్క ముందు తక్కువైపోయానన్న బాధా, లేక ఆ ప్రశ్న మీలో మీరే చాన్నాళ్లుగా వేసుకుంటున్నదా? ఈ చివరిది నిజమైతే దాని సంగతి వేరు, కింద చెబుతాను. అనుకున్నదాన్ని మాటల్లో పెట్టగానే దాని జోరు కొంత తగ్గడం చాలామంది విషయంలో చూశాను.

తర్వాత, ఆలోచించడానికి రోజూ ఒక వేళ పెట్టుకోండి. సాయంత్రం కాలేజీ నుంచి వచ్చాక ఇరవై నిమిషాలు చాలు, పడుకునే ముందు మాత్రం వద్దు. కాగితం మీద ఒక పక్క బావ నిజంగా అన్నది రాయండి, ఇంకో పక్క మీరు చేర్చింది రాయండి. అన్నది ఒక్క ముక్క. చేతకానివాడినని అనుకుంటున్నాడన్నది మీరు చేర్చింది, అక్క మనసులో ఉన్నదీ మీరు చేర్చిందే, భార్య బాధపడుతోందన్నది అసలు ఆ గృహప్రవేశంలో లేనేలేదు. మిమ్మల్ని నిద్రపోనివ్వనిది ఎక్కువగా ఆ రెండో పక్క ఉన్నదే. రాత్రి మళ్లీ వస్తే "రేపు సాయంత్రం చూద్దాం" అనుకోండి, పొమ్మనకండి. మొదట్లో వినదు, రెండు మూడు వారాలకు మెల్లగా అలవాటు పడుతుంది.

ఇక మిగతా సమయం. ఇక్కడే చాలామంది ఫోన్ పట్టుకుంటారు, దాంతో ఏం లాభం ఉండదు, వేలు రీల్స్ మీద ఉంటుంది, మనసు గృహప్రవేశంలోనే ఉంటుంది. 2010లో హార్వర్డ్ పరిశోధకులు కిల్లింగ్స్‌వర్త్, గిల్బర్ట్ దాదాపు 2,250 మందిని రోజులో ఏదో ఒక సమయంలో ఫోన్ ద్వారా అడుగుతూ పోయారు: ఇప్పుడేం చేస్తున్నారు, మనసు ఎక్కడ ఉంది, ఎలా ఉన్నారు అని. దాదాపు సగం సార్లు జనం మనసు చేస్తున్న పనిలో లేదు, లేనప్పుడు సంతోషమూ తక్కువే. కాబట్టి సగం మనసు పెట్టి చేయగలిగే పని మీకు పనికిరాదు. ఎప్‌సెట్ పాత పేపర్లలో మీక్కూడా వెంటనే తేలని లెక్క ఒకటి తీసి కూర్చోండి. వంటింట్లో కూరగాయలు సన్నగా తరగండి. లకారం చెరువు కట్ట మీద నడవండి, కాకపోతే చెవుల్లో ఇయర్‌ఫోన్స్ లేకుండా, ఎదురొచ్చేవాళ్లనీ నీళ్లనీ చూస్తూ. ధ్యాస పక్కకు పోతే తిట్టుకోకుండా మళ్లీ తెచ్చుకోండి, అలా తెచ్చుకోవడమే అసలు సాధన. ఫ్యామిలీ గ్రూపును కొన్నాళ్లు మ్యూట్‌లో పెట్టండి, బావ అక్కడ ఏం పెట్టాడో రాత్రి పదకొండింటికి చూడాల్సిన అవసరం లేదు.

క్లాసు విషయం కాస్త ఆగి చెప్పాలి. అరవై మందిలో ఇద్దరు నవ్వితే మీ కన్ను ఆ ఇద్దరి మీదే ఆగుతోంది, మిగతా యాభై ఎనిమిది మంది మీకు కనపడటం లేదు. చెడును ముందు పట్టుకోవడం అందరి మనసుకూ ఉన్న గుణమే, మీలాంటివాళ్లకు అది ఇంకాస్త గట్టిగా ఉంటుంది. రేపు క్లాసులోకి వెళ్లాక మొదటి ఐదు నిమిషాలు కావాలనే రాసుకుంటున్నవాళ్లను వెతకండి, అర్థమై తల ఊపేవాళ్లను, డౌట్ అడగడానికి చెయ్యెత్తబోయి ఆగిపోయే ఆ పిల్లని చూడండి. ఇది మిమ్మల్ని మీరు మభ్యపెట్టుకోవడం అనుకోకండి, క్లాసును ఉన్నదున్నట్టుగా చూడటమే. ఆ ఇద్దరూ దేనికి నవ్వారో మీకు ఎలాగూ తెలియదు.

ఒక హెచ్చరిక మాత్రం చేయాలి. ధ్యాస మళ్లించడం పేరుతో తేల్చుకోవాల్సినవాటిని పక్కన పెట్టేయకండి. బావ మాట వదిలేయదగ్గదే, కానీ "ఈ కాలేజీలోనే ఎన్నాళ్లు?" అన్నది మీ ప్రశ్న కూడా అయితే ఒక ఆదివారం కూర్చుని జీతం, గవర్నమెంటు నోటిఫికేషన్లు, మీకు ఇష్టమైనది ఏమిటి, అన్నీ రాసి ఆలోచించండి. ఉండాలనుకుంటే అది మీ నిర్ణయం అవుతుంది, అప్పుడు ఎవరడిగినా ఇంత గుచ్చదు. అలాగే మీ భార్య. ఆమె మనసులో ఏముందో మీరు ఊహించుకుంటున్నారే తప్ప అడగలేదు. "ఇంత చిన్నదానికా?" అన్నప్పుడు ఆమె మిమ్మల్ని తక్కువ చేస్తోందని నాకు అనిపించలేదు, ఏం చేయాలో తెలియక అన్నట్టుంది. బాధలో ఉన్నప్పుడు కాకుండా మామూలుగా ఉన్నప్పుడు చెప్పండి: "నాకు సలహా వద్దు, పది నిమిషాలు విను చాలు. నువ్వు నా ఉద్యోగం గురించి బాధపడుతున్నావా, నిజంగా చెప్పు." జవాబు మీరు భయపడినంత ఉండకపోవచ్చు. ఒకవేళ ఆమెకు నిజంగానే దిగులు ఉంటే, అది ఇద్దరూ కలిసి చూసుకోవాల్సింది, రాత్రి మీరొక్కరే మోసేది కాదు.

ఇదంతా చేస్తున్నా నిద్ర రెండు వారాలకు మించి సరిగ్గా పట్టకపోయినా, తిండి తగ్గినా, పాఠం మీద ఆసక్తి పోయినా, బతకడం ఎందుకు అన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా, ఇది సెన్సిటివ్ స్వభావం అని సర్దిచెప్పుకోకుండా సైకియాట్రిస్టును కలవండి. వెంటనే మాట్లాడాలంటే కేంద్ర ప్రభుత్వ మానసిక ఆరోగ్య హెల్ప్‌లైన్ టెలి మానస్ నంబరు 14416 ఉంది, ఉచితం, రాత్రీ పగలూ పనిచేస్తుంది, తెలుగులో మాట్లాడొచ్చు. మీ నిద్ర ఇప్పటికే మూడు వారాలుగా చెడింది కాబట్టి ఈ వారమే ఒకసారి డాక్టరును కలవడం మంచిదని నా సలహా. అక్కడ బావ కథతో మొదలుపెట్టకండి, రాత్రి ఎన్నింటికి నిద్ర పడుతోంది, ఎన్నిసార్లు మెలకువ వస్తోంది, ఆకలి ఎలా ఉంది అన్నవి ముందు చెప్పండి. వీలైతే మీ ఆవిడను కూడా తీసుకెళ్లండి.