ముందు ఒళ్లు కదలనీ, ధ్యానం తర్వాత

అమ్మీ,

నీ మెసేజ్ చదివాను. పొద్దున లేవగానే గుండె దడ, రాత్రి రెండింటి దాకా నిద్ర పట్టదు, ల్యాప్‌టాప్ ముందు నుంచి లేస్తే పాప పని, మనశ్శాంతి కోసం ధ్యానం యాప్ పెట్టుకుని దేవుని గదిలో కూర్చుంటే రెండో నిమిషానికే ఆఫీసు మీటింగ్ గుర్తొస్తోందని రాశావు. అంతా రాసి చివర్లో "నాకు భక్తి లేదేమో పెద్దమ్మా" అన్నావు చూడు, ఆ ఒక్క మాటకే ఇంత పొడుగు జవాబు రాస్తున్నా. భక్తికేం తక్కువ లేదు. పగలంతా కుర్చీలో కూర్చున్న ఒంటిని తెచ్చి మళ్లీ ఇంకోచోట కూర్చోబెడుతున్నావు, అదీ సంగతి.

అష్టాంగ యోగం వరుస చూడు: యమం, నియమం, ఆసనం, ప్రాణాయామం, ప్రత్యాహారం, ధారణ, ఆ తర్వాత గానీ ధ్యానం రాదు. నువ్వు నేరుగా ఏడోదానికి పోయావు. మన మొక్కుల్లో కూడా పెద్దలు ఒంటికే పని పెట్టారు, ప్రదక్షిణలు, పొర్లుదండాలు, కొండ మెట్లు. మీ వీధిలో సాయిబులు నమాజు చేసేటప్పుడు నిలబడతారు, వంగుతారు, నుదురు నేలకు ఆనిస్తారు, అదీ రోజుకు ఐదు పూటలు. ఉగాది ముందు మన కర్నూలు మీదుగా శ్రీశైలం నడిచిపోయే కన్నడ భక్తుల్ని చిన్నప్పటి నుంచి చూస్తూనే ఉన్నావు. ఆత్మకూరు దాటి, వెంకటాపురం దగ్గర నల్లమలలో అడుగుపెట్టి, నాగలూటి, పెచ్చెరువు, భీముని కొలను మీదుగా పోతారు, కొందరైతే మరగాళ్ల మీద, అంటే కాళ్లకు కట్టుకునే పొడుగు కర్రల మీద. కాళ్లకు బొబ్బలుంటాయి, నోట్లో మల్లయ్య పేరుంటుంది. వాళ్లకెవరూ ధ్యానం నేర్పలేదు.

ఇన్నేళ్లు వార్డుల్లో నర్సుగా చేసినదాన్ని, ఒంటి సంగతి కూడా చెప్తా విను. టెన్షన్ పడితే అడ్రినలిన్ పెరిగి గుండె వేగంగా కొట్టుకుంటుంది, ఊపిరి పైపైన ఆడుతుంది, మెడా భుజాలూ బిగుస్తాయి. ఒళ్లేమో పరిగెత్తడానికి సిద్ధంగా ఉంటుంది, నువ్వేమో కదలకుండా మెయిల్‌కు జవాబు టైప్ చేస్తుంటావు. జోరుగా నడిచినా గుండె అట్లాగే కొట్టుకుంటుంది, కానీ ఆగి కాసేపు కూర్చుంటే దానంతటదే నెమ్మదిస్తుంది. ఇది రోజూ జరుగుతుంటే, దడ వచ్చినంత మాత్రాన కొంపేమీ మునగదని మెల్లగా ఒంటికి తెలుస్తుంది. బరువు తగ్గడం, షుగర్ తగ్గడం కన్నా నాకు ఇదే పెద్ద లాభంగా కనిపిస్తుంది. పైగా పొద్దుటి వెలుతురు కంట్లో పడితే రాత్రి నిద్ర వేళకు వస్తుంది.

అమెరికాలో డ్యూక్ యూనివర్సిటీ వాళ్లు డిప్రెషన్ ఉన్న 156 మంది పెద్ద వయసు వాళ్లను మూడు గుంపులు చేసి, ఒక గుంపుకు మాత్రలు, ఒక గుంపుకు వ్యాయామం, ఇంకో గుంపుకు రెండూ ఇచ్చి చూశారు, 1999లో ఆ ఫలితాలు వచ్చాయి. 16 వారాలకు మూడు గుంపులూ ఇంచుమించు ఒకే రకంగా కోలుకున్నాయి, కాకపోతే మాత్రలు ముందుగా పనిచేశాయి. నడక నిదానంగానే పనిచేస్తుంది. అట్లని డాక్టరు ఇచ్చిన మాత్రలు వాడేవాళ్లు నడుస్తున్నాం కదా అని సొంతంగా ఆపేయకూడదు.

నడక మొదలుపెట్టే ముందు థైరాయిడ్, హిమోగ్లోబిన్ టెస్టులు చేయించు, వాటి తేడా వల్ల కూడా దడ వస్తుంది. వారానికి కనీసం 150 నిమిషాలు ఒళ్లు కదలాలని ప్రపంచ ఆరోగ్య సంస్థ చెప్తుంది. పక్కవాళ్లతో మాట్లాడగలిగి, పాట మాత్రం పాడలేనంత జోరు చాలు. స్టేడియానికి పో, కేసీ కెనాల్ వైపు చీకట్లో ఒక్కదానివే వద్దు, కుక్కలు. మన ఎండాకాలంలో ఆరు లోపే ముగించుకోవాలి. అడుగులు లెక్కపెట్టే వాచీ కొనకు, ఆఫీసు టార్గెట్లు చాలవా నీకు? ఫోన్ బ్యాగులో పడేయ్, చెవుల్లో ఏమీ పెట్టుకోకు. మొదట కాసేపు మీటింగులు, అత్తగారి మాటలు, ఈఎంఐలు అన్నీ తిరుగుతాయి, తిరగనీ. ఊపిరి కుదిరాక అడుగుకొక నామం అనుకో, దేవుడి పేరు వద్దనిపిస్తే ఊపిరినే గమనించు. ఇంటికొచ్చి స్నానం చేసి అప్పుడు దేవుని గదిలో కూర్చో, తేడా నువ్వే చూస్తావు. మూడ్ వచ్చాక పోదామని మాత్రం ఆగకు, దిగులుగా ఉన్నవాళ్లకు మూడ్ ముందు రాదు. ఒక్కోరోజు పోలేకపోతే పోయింది, మర్నాడు పో.

నడిచొచ్చి ఉగ్గాని బజ్జీ తినేవాళ్లను చూసి నవ్వుతారు గానీ, ఆ హోటల్ ముందు పదిమందితో మాట్లాడటం కూడా మంచిదే. బజ్జీ మాత్రం వారానికొకసారి.

కొన్ని వారాలైనా దిగులు తగ్గకపోతే, లేదా బతకాలని లేదన్న ఆలోచన ఒక్కసారి వచ్చినా సరే, 14416కి ఫోన్ చెయ్. టెలీ మానస్ అని మనసు బాధలకు సర్కారు పెట్టిన హెల్ప్‌లైన్ వాళ్లది, ఫ్రీ, తెలుగులోనే మాట్లాడతారు. నాకు చెప్పడానికి మొహమాటపడినా వాళ్లకు చెప్పు.

పాప సంగతి ఆలోచించకు, ఐదింటికల్లా నేను మీ ఇంట్లో ఉంటా. మీ ఆయన్ను నిద్రపోనీ. కాదులే, ఆయన్నీ లేపుకుని పో, ఆ పొట్ట చూడలేకున్నా.

మీ పెద్దమ్మ